తమది కాని నీలి వెలుగును వదులుకున్న మునీశ్వరి గారు

1989వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీన పుంగనూరు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకురాలిగా విధులలో చేరిన డాక్టర్ మునీశ్వరి గారు, పుంగనూరులోనూ కుప్పంలోనూ మదనపల్లెలోనూ మూడున్నర దశాబ్దాలు విద్యాసేవ చేసి, ఈ జూన్ నెలాఖరున మన కళాశాల భౌతికశాస్త్ర శాఖాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాలలో గొంతు గద్గదం కావడం ఆనవాయితీ. అయితే గత కొన్ని నెలలుగా ఆమె పడిన ఆందోళనను దగ్గర నుంచి చూసిన సహోద్యోగులకు కన్నీళ్ల కంటే ముందు ఒక పెద్ద నిట్టూర్పు వస్తున్నది. "హమ్మయ్య" అనే మాటకు సమానమైన సంస్కృత పదం ఎవరికీ తట్టలేదు కనుక, ఈ వ్యాసంలో దాన్ని ఉన్నదున్నట్టే వాడుకోక తప్పడం లేదు.

రామసముద్రం మండలంలోని ఒక మెట్ట పల్లెలో, గొర్రెల మందను నమ్ముకుని బతికిన రంగప్ప గారి ఇంట జన్మించిన మునీశ్వరి గారు, ఆ ఇంట్లో కళాశాల గడప తొక్కిన తొలి వ్యక్తి. పుంగనూరులో ఆమె ఉద్యోగంలో చేరేనాటికి ప్రయోగశాలలో పరికరాలు అంతంతమాత్రం. ఉన్నవాటితో సరిపెట్టుకునే స్వభావం కాదు ఆమెది. లేనివాటిని వీధిలో వెతికే స్వభావం. ఒక వానాకాలం సాయంత్రం విద్యార్థినులను వెంటబెట్టుకుని బస్టాండు ముందున్న నీటిగుంట దగ్గరకు తీసుకుపోయి, అందులో డీజిలు చుక్క పరిచిన రంగులను చూపిస్తూ, ఆ పొర మందం మారిన చోటల్లా రంగు ఎందుకు మారుతుందో వంగి మరీ వివరించారట. ఆడపిల్లలంతా గుంట చుట్టూ కూర్చుని తదేకంగా చూస్తూ ఉంటే, ఉంగరమేదో పోగొట్టుకున్నారనుకుని ఒక కండక్టరు కూడా వచ్చి వెతికాడని చెబుతారు. కంటికి ఆనని పలుచదనం కూడా వెలుగు దగ్గర దాగలేదన్న విషయం ఆ పిల్లలు పుస్తకం తెరవకముందే తెలుసుకున్నారు.

1998లో కుప్పం డిగ్రీ కళాశాలకు బదిలీ అయిన తరువాత ఆమె బోధన మరింత రాటుదేలింది. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడుకుని, తరగతిలో తెలుగు విని, పరీక్ష ఇంగ్లీషులో రాయవలసిన పిల్లలకు అర్ధవాహకాల సంగతి చెప్పడం సామాన్యమైన పని కాదు. సిలికాన్ వంటి పదార్థంలోని ఎలక్ట్రాను స్వేచ్ఛగా తిరగాలంటే ఒక శక్తి అంతరాన్ని దాటాలి. అంతరం అనగానే ముఖాలు తేలవేసిన పిల్లలకు ఆమె తమ ఇంటి గొర్రెల దొడ్డినే తెచ్చి చూపించారు.

"మా నాయన మందలో గొర్రె కంచె దూకాలంటే ఒకే ఊపులో దూకాల. సగం ఇప్పుడు దూకి, తక్కింది సందేళ దూకతానంటే కుదరదు. ఎలక్ట్రానూ అంతే. వచ్చే కాంతిరేణువు దగ్గర ఆ ఒక్క దూకుడుకు సరిపోయే సత్తువ ఉండాల. సత్తువ సాలని ఎర్ర వెలుతురు ఎంత కుమ్మరించినా ఒక్కటీ దూకదు."

"మరి దూకింది మళ్లా కిందికి వచ్చేస్తే ఆ సత్తువ యాడికి పోతాది మేడమ్?" అని వెనక బెంచీలో నుంచి ఎవరో అడిగారు.

"ఇదీ ప్రశ్నంటే. వెలుగై బయటికి వస్తాది సూడు" అన్నారు ఆమె.

ఆ ప్రశ్నే చివరికి ఆమె పరిశోధనకు కూడా దారి చూపింది. కుప్పంలో ఉద్యోగం చేస్తూనే, శనివారాలు రైలెక్కి బెంగళూరు వెళ్లి, అక్కడి పరిచయస్థుల ప్రయోగశాలలో కొలతలు తీసుకుని, ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చి, సోమవారం పాఠం చెప్పిన ఆ సంవత్సరాలలో ఆమె డాక్టరేటు సాధించారు. ఆమె ఎంచుకున్న విషయం నానో పరిమాణంలోని జింక్ ఆక్సైడ్. తలవెంట్రుక మందంలో పదివేలవ వంతుకు ఒక రవ్వను తగ్గించుకుంటూ పోతే, పదార్థం అదే అయినా దాని కంచె ఎత్తు పెరుగుతుంది. రవ్వ చిన్నదైన కొద్దీ అది వెదజల్లే వెలుగు నీలం వైపుకూ, పెరిగిన కొద్దీ పసుపు వైపుకూ జరుగుతుంది. ఒకే పదార్థం తన కొలతను బట్టి రంగు మార్చుకోవడమన్న ఆ వింత మీద ఆమెకు ఇన్నేళ్లయినా మోజు తీరలేదు. భర్త సుబ్బయ్య గారు తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆ రంగులను చూసినంతసేపు తమ పెళ్లి ఫోటోను ఆమె ఎన్నడూ చూడలేదని ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తూ ఉంటారు.

2011లో మదనపల్లెకు వచ్చిన తరువాత మన కళాశాలలో పరిశోధన గది ఏర్పడటానికి ఆమె పడిన శ్రమ అందరికీ తెలిసినదే. పదార్థం మీద కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పంపి, అది తిరిగి ఏ రంగులో వెలుగుతున్నదో గీతగా గీసి చూపించే పరికరం మన గదికి వచ్చిన రోజున ఆమె స్వయంగా కొబ్బరికాయ కొట్టారు. ప్రయోగశాల సహాయకులు వెంకటప్ప గారికి ఆమె రెండే రెండు ఆజ్ఞలు ఇచ్చారు: గాజు సామాను తళతళలాడాలి, నీళ్లు మాత్రం వృథా కాకూడదు. వేసవి వచ్చిందంటే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊరు మనది. అందువల్ల సీసాలన్నిటినీ పొడితో తోమి, ఒకే బకెట్టు నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టడం, ఆ మిగిలిన నీళ్లను మొక్కలకు పోయడం మన శాఖ సంప్రదాయమైపోయింది. తనిఖీకి వచ్చిన పెద్దలు కూడా ఆ పొదుపును మెచ్చుకుని వెళ్లారు.

ఆమె పర్యవేక్షణలో చివరి పరిశోధక విద్యార్థి గుర్రంకొండకు చెందిన ఉదయ్ కిరణ్. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఈ యువకుడు ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ, మధ్యాహ్నాలు మన గదిలో జింక్ ఆక్సైడ్ రవ్వలు తయారుచేసేవాడు. గత సంవత్సరం అతని సీసాలలో ఎవరూ ఊహించని నీలి వెలుగు కనిపించింది. సాధారణంగా ఈ రవ్వలు ఆకుపచ్చగానో పసుపుగానో వెలుగుతాయి. అంత గాఢమైన నీలం వచ్చిందంటే రవ్వలు ఎన్నడూ లేనంత చిన్నవయ్యాయని అనుకోవడం సహజం. శాఖంతా సంబరపడింది. ఆ నీలం మీద రాసిన వ్యాసాన్ని విదేశీ పత్రిక ఒకటి ఆమోదించింది కూడా. మార్గదర్శకురాలు విరమించే లోపల సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే విద్యార్థి వేరొక మార్గదర్శకుని వెతుక్కోవాలి. ఆయన ఒప్పుకుంటే సరి, లేకపోతే చేసిన పనంతా గంగపాలు. ఆ గడువు లోపల ఉదయ్ కిరణ్ గట్టెక్కుతాడని అందరూ నమ్మారు.

నమ్మనిది ఒక్క మునీశ్వరి గారే. రవ్వలను నిలవ ఉంచితే అవి పెరగాలి, పెరిగితే వాటి రంగు జరగాలి. ఈ నీలం మాత్రం వారం తరువాత చూసినా, నెల తరువాత చూసినా, ఎక్కడ ఉన్నది అక్కడే ఉండేది. "ఇది యాల కదల్లేదప్పా?" అని ఆమె ఉదయ్ కిరణ్‌ను అడిగిన ప్రతిసారీ అతడు ఏదో ఒక సమాధానం వెతికి తెచ్చేవాడు. సమాధానాలన్నీ బాగానే ఉండేవి. ఆమెకు మాత్రం అన్నం సహించేది కాదు.

ఈ ఫిబ్రవరిలో ఒక పట్టపగలు, కిటికీలకు నల్ల గుడ్డలు కట్టిన చీకటి గదిలో, అతినీలలోహిత దీపం కింద వారిద్దరూ సీసాలను పరీక్షిస్తూ ఉండగా వెంకటప్ప గారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు.

"అమ్మా, మా మనవరాలికి చెవులు కుట్టించినాము. మీకు మిఠాయి ఇచ్చి పోదామని వచ్చినా."

వేడుక నుంచి నేరుగా వచ్చారేమో, ఒంటి మీద ఉతికిన తెల్ల చొక్కా, తెల్ల పంచె. దీపం వెలుతురులోకి అడుగుపెట్టగానే ఆయన ముఖం చీకట్లో కలిసిపోయి, చొక్కా, పంచె మాత్రం నీలంగా ధగధగలాడాయి.

"అన్నా, మా సీసాలకంటే నువ్వే బాగా వెలగతాండావే!" అని ఉదయ్ కిరణ్ పగలబడి నవ్వాడు. మునీశ్వరి గారు కూడా నవ్వారు. నవ్వుతూనే చేతిలోని సీసాను ఎత్తి ఆయన చొక్కా పక్కన పెట్టి చూశారు. రెండు నీలాలకూ తేడా లేదు. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వెంకటప్పా, ఈ చొక్కా దేంతో ఉతికినారు?"

"సబ్బు పొడితోనమ్మా. మన సీసాలు కడిగే పొడే. బజార్లో ఉండేవాట్లో అదే మేలని ఇంటికీ అదే కొనకపోతా."

బట్టలు మరింత తెల్లగా కనిపించడానికి ఉతికే పొడులలో ఒక రకమైన రసాయనం కలుపుతారు. అది ఎండలోని అదృశ్యమైన అతినీలలోహితాన్ని మింగి నీలి వెలుగును వెదజల్లి, గుడ్డలోని పసుపు ఛాయను కప్పేస్తుంది. ఈ సంగతి మునీశ్వరి గారు ఎన్నో తరగతులలో చెప్పినదే. సీసాలను మాత్రం ఆ కంటితో ఎన్నడూ చూడలేదు. అనుమానం తీర్చుకోవడానికి, కడిగి ఆరబెట్టిన ఒక ఖాళీ సీసాలో కొత్తగా స్వేదనజలం పోసి, కుదిపి, ఆ నీటినే పరికరంలో పెట్టారు. రవ్వల జాడ లేని ఆ ఉత్త నీటి గీత, ఆమోదం పొందిన వ్యాసంలోని గీత లేచిన చోటనే లేచి నిలబడింది. పోలిక కోసం వాడిన రవ్వలు లేని ద్రావకాన్ని, కడిగిన సీసాలలో పోయకుండా, ఎప్పుడూ కొత్త సీసా నుంచి నేరుగా పరికరంలో పోసి చూడటం వల్ల ఇన్నాళ్లూ ఈ దొంగ పట్టుబడలేదు. ఒకే బకెట్టు నీళ్లలో మునిగిన ప్రతి సీసా ఆ పొడిని ఇంత తన గోడలకు అంటించుకుని వచ్చిందన్నమాట.

వెంకటప్ప గారికి విషయం అర్థమయ్యేసరికి చేతిలోని మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టేశారు. "నా వల్ల ఈ పిల్లోడి చదువు పాడైపోయిందామ్మా?" అన్నారు.

"తళతళలాడాలని చెప్పింది నేను. నీళ్లు పొదుపు చేయమని చెప్పిందీ నేనే. మీరు రెండూ చేసినారు. ఇందులో మీ తప్పు యాడుండాది?" అని మునీశ్వరి గారు ఆయనను కూర్చోబెట్టి, ఆ పొట్లం విప్పి ముందు ఆయన చేతికే ఒక ముక్క ఇచ్చారు.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. ఉదయ్ కిరణ్ పరికరం దగ్గర నుంచి ఆమె వైపు తిరిగాడు.

"మేడమ్, పత్రిక వాళ్లు ఒప్పుకునేసినారు. అచ్చుకు పోతాండాది. ఈ గదిలో మనం ముగ్గురం దప్ప ఇది ఎవురికీ తెలీదు. మీరు రిటైరయ్యే లోపల థీసిస్ ఇయ్యకపోతే నా గతేంది?"

మునీశ్వరి గారికి కోపం రాలేదు. వచ్చి ఉంటే సులభంగా ఉండేది. ఆ పిల్లవాడు అడిగినదానిలో న్యాయం లేకపోయినా భయం నిజమైనది. ఆ భయం ఆమెకూ ఉంది. తన పేరు ఏమైపోతుందో అన్న చింత కంటే, ఇతణ్ని నడిదారిలో విడిచిపెట్టి తాను సన్మానాలు చేయించుకుంటూ ఇంటికి పోతానేమో అన్న ఆలోచన ఆమెను ఎక్కువగా కోసింది.

"ఎవురో ఒగరు దీన్ని మళ్లా చేసి సూస్తారు గదప్పా" అన్నారు చివరికి. "వాళ్లు శుభ్రమైన సీసాలో చేస్తారు. నీలం రాదు. తప్పు తమదే అనుకుని మళ్లా చేస్తారు, మళ్లా చేస్తారు. వాడూ ఎవురో కన్నబిడ్డే, నీ మాదిరే గడువు తరుముతా ఉంటాది. మన సబ్బు నురగ కోసం వాడు తన వయసు పోగొట్టుకోవాల్నా?"

ఉదయ్ కిరణ్ కంప్యూటరు తెరిచాడు. ఆ సాయంత్రమే పత్రిక సంపాదకులకు జరిగినదంతా దాచకుండా రాసి, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఇద్దరి పేర్లతోనూ పంపించారు. పంపే మీట నొక్కడానికి ముందు మునీశ్వరి గారు అతని వైపు చూశారు. అతడు తల ఊపి, తానే నొక్కాడు. పరిశోధకుడిగా అతడు ఆ క్షణాన ఎదిగాడన్నది ఈ శాఖ అభిప్రాయం.

తరువాతి వారాలలో మన ప్రయోగశాల కల్యాణమండపం వెనక వంటశాలను మించిపోయింది. ప్రతి సీసానూ ఆమ్లంతో కడిగి, స్వేదనజలంతో మళ్లీ మళ్లీ జాడించి, దీపం కింద పెట్టి నీలం ఛాయ లేదని తేలిన తరువాతనే వాడారు. శాఖాధిపతి గారు కొంగు దోపుకుని వెంకటప్ప గారి పక్కనే తొట్టి దగ్గర నిలబడ్డారు. నీటికి కరువొచ్చిన ఊళ్లో అంత నీరు వాడటానికి ఆమె ప్రాణం ఒప్పక, వాన నీటిని పట్టి ఉంచిన కళాశాల సంపు నుంచి తెచ్చి శుద్ధి చేయించారు. ఈ జబ్బు ఇంటిదాకా పాకింది. దొంగ నోట్లను పట్టే చిన్న అతినీలలోహిత టార్చి ఒకటి కొని, భోజనానికి ముందు పళ్లేల మీద వేసి చూడటం మొదలుపెట్టారు. "ఈ ఇంట్లో అన్నం తినాల్నా, పరీక్ష పాసవ్వాల్నా?" అని సుబ్బయ్య గారు మొరపెట్టుకున్నా వినిపించుకున్నవారు లేరు.

నవ్వులాటకు ఇలా చెప్పుకుంటున్నాము గానీ, ఆ రోజులలో ఆమె నవ్వలేదు. రవ్వల పరిమాణం గురించిన మిగతా కొలతలు నిలుస్తాయి. వెలుగు గురించిన అధ్యాయం మాత్రం మొదటి నుంచి మళ్లీ రాయాలి. నీలం పోయిన తరువాత ఆ రవ్వలకు సొంత వెలుగంటూ ఏమైనా మిగులుతుందా, లేక ఇన్నేళ్ల పని అంతా చీకటేనా? గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడుతూ ఉంటే ఆ ప్రశ్నను ఎవరూ పైకి అనలేదు.

శుభ్రమైన సీసాలో తయారైన తొలి నమూనాను దీపం కింద పెట్టిన మధ్యాహ్నం చీకటి గదిలో నలుగురైదుగురు గుమిగూడారు. నీలం లేదు. మొదట ఏమీ లేదనిపించింది. కళ్లు చీకటికి అలవాటుపడిన కొద్దీ సీసా అడుగు నుంచి ఒక పల్చని ఆకుపచ్చ లేచి కనిపించింది. పాత నీలం ముందు అది ఎందుకూ కొరగానంత బలహీనం. కానీ మరుసటి వారానికి అది పసుపు వైపు జరిగింది. ఆ పై వారం మరికొంత జరిగింది. రవ్వలు పెరుగుతున్నాయి, వాటితో పాటే రంగు కదులుతున్నది. పుస్తకాలు చెప్పిన దారినే నడిచే ఆ వెలుగు నిజంగా జింక్ ఆక్సైడ్‌దే. "కదిలింది సూడప్పా, కదిలింది!" అని మునీశ్వరి గారు ఉదయ్ కిరణ్ భుజం పట్టుకుని ఊపేశారు. ఆ తరువాత అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి, కొంగుతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చారు. అది దుఃఖం కాదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఓదార్చలేదు.

గ్రంథ సమర్పణకు ముందు విశ్వవిద్యాలయంలో నిపుణుల ఎదుట జరిగిన సమీక్షలో, దొంగ నీలం ఎలా వచ్చిందో ఎలా పట్టుబడిందో ఉదయ్ కిరణ్ ఒక పూర్తి అధ్యాయంగా వివరించాడు. అభ్యంతరాలు వస్తాయని మునీశ్వరి గారు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. అతడు ముగించగానే నిపుణులలో పెద్దాయన ఒకరు మాట్లాడకుండా లేచి వరండాలోకి పోయారు. తెరిచి ఉన్న తలుపులో నుంచి ఆయన ఫోను సంభాషణ లోపలి వారందరికీ వినిపించింది: "మన ల్యాబులో సీసాలు దేంతో కడుగుతారయ్యా? ... ఆ పొడి పేరేంది? ... సరే, నేను వచ్చేదాకా ఆ వ్యాసం పంపొద్దు." తిరిగి వచ్చి కూర్చున్న ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అంగీకార పత్రం మీద మొదటి సంతకం చేశారు.

మే నెలలో, గడువుకు ముందే, గ్రంథం విశ్వవిద్యాలయానికి చేరింది. నిజమైన ఆకుపచ్చ వెలుగు మీద రాసిన కొత్త వ్యాసం మరొక పత్రిక పరిశీలనలో ఉంది. అది పెద్ద సంచలనం కలిగిస్తుందని ఎవరూ అనుకోవడం లేదు. పాత పత్రిక సంపాదకులు మాత్రం కృతజ్ఞతలు తెలిపి, మరే రచన పంపినా ఆదరంతో చదువుతామని రాశారు. సమర్పించి వచ్చిన రోజున పాదాలకు నమస్కరించిన ఉదయ్ కిరణ్‌ను లేవనెత్తి మునీశ్వరి గారు ఒక్క మాటే అన్నారు: "ఇంక దీన్ని ఎవురు తిరగా చేసి సూసినా మనకు భయం లేదప్పా. పో, ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకో." ఆ మధ్యాహ్నం ఆమె కూడా ఇంటికి పోయి పడుకున్నారనీ, సంధ్యాదీపం పెట్టే వేళకు కూడా లేవకపోతే సుబ్బయ్య గారే దీపం పెట్టి, లేపకుండా ఊరుకున్నారనీ విన్నాము.

పదవిలో ఉన్నన్నాళ్లూ పేరు సంపాదించడం చాలామందికి సాధ్యమే. పదవి విడిచే వేళ, చేతికి అందిన పేరును తమది కాదని తెలిసి తిరిగి ఇచ్చివేసి, శిష్యుణ్ని కూడా చేయి విడవకుండా గట్టు చేర్చడం మునీశ్వరి గారి వంటి కొందరికే సాధ్యం. ఆమెకు ఆరోగ్యమూ ఆయుష్షూ పుష్కలంగా ఉండాలనీ, సుబ్బయ్య గారితోనూ పిల్లాపాపలతోనూ ఆమె ఇల్లు ఎల్లవేళలా కళకళలాడాలనీ మన శాఖ, మన కళాశాల మనసారా కోరుకుంటున్నాయి. ఆమె చేసిన పనిని ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు. ఆమె మాత్రం ఏ బెంగా లేకుండా హాయిగా నిద్రపోవచ్చు.